చీముపొక్కుల సోరియాసిస్: ఎన్ని రోజులు ఆగగలం?

సోరియాసిస్ అనగానే మోచేతుల మీద, మోకాళ్ల మీద, తలలో తెల్లటి పొలుసులు కట్టిన ఎర్రటి మచ్చలే గుర్తొస్తాయి. ఏళ్ల తరబడి ఉంటుంది, చలికాలంలో ముదురుతుంది, ఎండాకాలంలో కాస్త నెమ్మదిస్తుంది. మనిషిని విసిగిస్తుంది గానీ ఉన్నపళంగా ప్రాణం మీదికి తేదు. అదే ఇంటిపేరుతో తిరిగే మరో జబ్బు ఉంది, దాని తీరే వేరు. ఒళ్లు మంటగా ఉందంటూ రాత్రి పడుకున్న మనిషి తెల్లారి లేచేసరికి మెడ, చంకలు, పొట్ట, తొడలు ఎర్రగా కంది ఉంటాయి. ఆ ఎరుపు మీద ఆవగింజంత చీముపొక్కులు వందల్లో లేచి ఉంటాయి. చలి, వణుకు, 102 డిగ్రీల జ్వరం. సాయంత్రానికి పక్కపక్క పొక్కులు కలిసిపోయి చీము మడుగులు కడతాయి. అవి రెండు మూడు రోజుల్లో ఎండి పొరలుగా ఊడుతుంటే, కింద కొత్త వరస అప్పుడే మొలుస్తుంటుంది. దీని పేరు జనరలైజ్డ్ పస్ట్యులర్ సోరియాసిస్. ఆసుపత్రుల్లో పొడి అక్షరాల్లో జీపీపీ అంటారు.

ఇది చాలా అరుదు. జపాన్‌లో చేసిన ఒక లెక్కలో పది లక్షల మందికి ఏడుగురికి కాస్త పైగా, ఫ్రాన్స్ లెక్కలో ఇద్దరికి లోపు తేలారు. అరుదు కాబట్టే చికిత్సలో ఒక పొరపాటు తరచూ దొర్లుతుంది: మామూలు సోరియాసిస్‌ను కొలిచే కొలబద్దతోనే దీన్నీ కొలవబోవడం. అక్కడ తీవ్రత అంటే ప్రధానంగా విస్తీర్ణం. రోగి అరచెయ్యి ఒంట్లో ఒక శాతం అనుకుని, మచ్చలు ఎన్ని అరచేతులంత ఉన్నాయో లెక్కేస్తారు. పది దాటితే తీవ్రం. చీముపొక్కుల సోరియాసిస్‌లో ఈ లెక్క సగమే పనికొస్తుంది. ఇక్కడ అసలు ప్రశ్న, జబ్బు ఎంత వేగంగా పోతోంది, దాన్ని ఆపే మందు పనిచేసేదాకా ఒళ్లు తట్టుకోగలదా అన్నది. ఒక మందుకు మూడు రోజులు చాలు, ఇంకోదానికి మూడు వారాలు కావాలి. తీవ్రతను బట్టి చికిత్స అంటే ఇక్కడ నిజానికి గడువును బట్టి చికిత్స.

చీము ఉంది, క్రిమి లేదు

వియన్నాలో ఫెర్డినాండ్ ఫాన్ హెబ్రా 1872లో అయిదుగురు గర్భిణుల్లో ఈ తరహా పొక్కులను వర్ణించాడు. వాళ్లలో నలుగురు చనిపోయారు. 1910లో లియో ఫాన్ జుంబుష్ ఒక అన్నాచెల్లెళ్ల జంటలో మళ్లీ మళ్లీ వచ్చిపోయే రూపాన్ని రాసిపెట్టాడు. ఒకే ఇంట్లో ఇద్దరికి రావడంలోనే ఒక సూచన ఉంది గానీ దాన్ని విప్పడానికి మరో వందేళ్లు పట్టింది. 2011లో ట్యునీషియాలోని తొమ్మిది కుటుంబాలను పరిశీలించిన పరిశోధకులు ఐఎల్-36ఆర్ఎన్ అనే జన్యువులో లోపాన్ని పట్టుకున్నారు.

చర్మ కణాలు దెబ్బ తగిలినప్పుడో, క్రిమి సోకినప్పుడో ఐఎల్-36 అనే సంకేతాన్ని విడుదల చేస్తాయి. అది పక్క కణాల మీది తలుపు తడితే తెల్ల రక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ అనేవి దండుగా వచ్చి పడతాయి. పని అయ్యాక తలుపు మూసే గడియ లాంటి ప్రొటీన్ ఒకటుంది. దాన్ని తయారుచేసేది ఈ జన్యువే. గడియ సరిగ్గా పడకపోతే చిన్న జలుబుకు మొదలైన కబురు ఆగకుండా పోతూనే ఉంటుంది, దండు దిగుతూనే ఉంటుంది. పొక్కులో కనిపించే చీమంతా ఆ న్యూట్రోఫిల్సే. అందరు రోగుల్లోనూ ఈ జన్యు లోపం ఉండదు. లేనివాళ్లలో కూడా ఐఎల్-36 దారే వేడెక్కి ఉంటుందని తర్వాత తెలిసింది.

అందుకే పొక్కులోని చీము తీసి, క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ పరీక్షకు పంపితే ఏమీ పెరగదు. పెరగదని తెలియనిచోట యాంటీబయాటిక్ మొదలవుతుంది. అది తగ్గించలేదని ఇంకో యాంటీబయాటిక్. జ్వరం, చీము, తెల్ల రక్తకణాలు 18 వేలు అని చూసినవాళ్లెవరైనా ముందు ఇన్ఫెక్షన్ అనే అనుకుంటారు, వాళ్లను తప్పుపట్టలేం. పైగా ఊడిన చర్మంలోంచి నిజంగానే క్రిములు రక్తంలోకి చేరే ప్రమాదం ఉంది కాబట్టి రక్తం కల్చర్ చేయాల్సిందే. కానీ ఆ రిపోర్టు కోసం అసలు చికిత్సను వారం పక్కన పెడితే, పోయేది ఆ వారమే.

పోల్చుకోవాల్సిన మరో జబ్బు, మందు పడక ఒళ్లంతా చీముపొక్కులు రావడం. దాన్ని ఏజీఈపీ అంటారు. కొత్తగా ఏదో మాత్ర, ఎక్కువగా యాంటీబయాటిక్, వేసుకున్న కొద్ది రోజుల్లో వస్తుంది. మందు ఆపితే రెండు వారాల్లోపే సాధారణంగా సర్దుకుంటుంది, మళ్లీ ఆ మందు జోలికి పోకపోతే తిరగబెట్టదు. ఈ రెంటినీ తారుమారు చేసుకుంటే నష్టం ఒకవైపే ఎక్కువ: ఏజీఈపీ అనుకుని స్టిరాయిడ్ ఇచ్చి పంపేసిన మనిషికి ఉన్నది జీపీపీ అయితే, ఆ స్టిరాయిడ్ ఆగిన రోజు అసలు కథ మొదలవుతుంది.

ఇద్దరు రోగులు, ఒక పట్టిక

ఈ జబ్బుకు తీవ్రత పట్టికల్లో జపాన్ చర్మవైద్యులది ఎంతో ఉపయోగకరం. మొత్తం 17 మార్కులు. చర్మానికి 9: ఎరుపు, పొక్కులున్న ఎరుపు, వాపు, ఒక్కోదానికి మూడేసి. ఒంటికి 8: జ్వరం, తెల్ల రక్తకణాలు, ఒంట్లో వాపు, మంటను చూపే సీఆర్‌పీ, రక్తంలోని ప్రధాన ప్రొటీన్ ఆల్బుమిన్, ఒక్కోదానికి రెండేసి. ఆరు దాకా స్వల్పం, ఏడు నుంచి పది మధ్యస్థం, పదకొండు, ఆపైన అయితే తీవ్రం.

ఉదాహరణకు ఇద్దరిని ఊహించుకుందాం. మొదటి మనిషికి ఒంట్లో 80 శాతం ఎర్రబడింది, మూడు మార్కులు. పొక్కులు 20 శాతం మీద, రెండు. వాపు కొద్దిగా, ఒకటి. జ్వరం లేదు, సున్నా. తెల్ల కణాలు 11 వేలు, ఒకటి. సీఆర్‌పీ డెసిలీటరుకు 2 మిల్లీగ్రాములు, ఒకటి. ఆల్బుమిన్ 3.6 గ్రాములు, ఒకటి. మొత్తం 9. చూడ్డానికి భయంకరంగా ఉన్నా మధ్యస్థమే.

రెండో మనిషికి ఎరుపు 60 శాతమే, రెండు. పొక్కులు 20 శాతం, రెండు. వాపు కొద్దిగా, ఒకటి. కానీ జ్వరం 38.7 డిగ్రీల సెల్సియస్, అంటే మన థర్మామీటరులో 101.7, రెండు మార్కులు. తెల్ల కణాలు 18 వేలు, రెండు. సీఆర్‌పీ 9, రెండు. ఆల్బుమిన్ 2.8, రెండు. మొత్తం 13, తీవ్రం. ఇద్దరూ పక్కపక్క మంచాల మీద పడుకుంటే, రౌండ్లకొచ్చినవాళ్ల చూపు మొదట పోయేది మొదటి మనిషి మీదికే. పట్టిక మాత్రం రెండో మంచం దగ్గర ఆగమంటోంది.

ఇక్కడ చిన్న మెలిక. జపాన్ పట్టికలో సీఆర్‌పీ డెసిలీటరు లెక్క, మన ల్యాబుల రిపోర్టుల్లో ఎక్కువగా లీటరు లెక్క. రిపోర్టులో 90 అని ఉంటే పట్టికలో అది 9. ప్రమాణం చూడకుండా మార్కులేస్తే 20 ఉన్నవాడికీ పూర్తి మార్కులు పడిపోతాయి.

ఆల్బుమిన్ గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పుకోవాలి. చర్మం ఊడుతున్నప్పుడు దాంతోపాటు ప్రొటీన్ పోతుంది, రక్తనాళాల్లోంచి నీరు కారి కాళ్లు ఉబ్బుతాయి. ఆల్బుమిన్ పడిపోతే రక్తంలో మొత్తం కాల్షియం కూడా తక్కువ చూపిస్తుంది. ఆల్బుమిన్ 4 నుంచి ఒక గ్రాము తగ్గినప్పుడల్లా కాల్షియానికి 0.8 కలిపి చూడాలి. రెండో మనిషి కాల్షియం 7.8 అని వస్తే, దాదాపు 1 కలిపితే 8.8, అంటే పెద్దగా లోటు లేదు. అలా కలిపినా తక్కువే ఉంటే అనుమానం రావాలి. ఎందుకంటే నిజమైన కాల్షియం లోటే కొందరిలో ఈ జబ్బును రేపుతుంది. థైరాయిడ్ ఆపరేషన్‌లో పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిన్నవాళ్లలో ఇలా జరిగిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. అలాంటి మనిషికి ఖరీదైన ఇంజెక్షన్ కంటే ముందు కాల్షియం, విటమిన్ డి అవసరం.

అగ్గిపుల్ల ఎవరి చేతిలో ఉంది

గొంతు ఇన్ఫెక్షన్, వైరల్ జ్వరం, గర్భం, లిథియం, మలేరియా మందులు, కొందరిలో ఏ కారణమూ కనిపించకపోవడం, ఇలా రేపేవి చాలానే ఉన్నాయి. మన ప్రాంతాల్లో ముందు అడగాల్సింది మాత్రం స్టిరాయిడ్ సంగతి.

మామూలు సోరియాసిస్ ఉన్న మనిషి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తాడు. ఒక ఇంజెక్షన్, పది చిన్న తెల్ల మాత్రలు. నాలుగో రోజుకు పొలుసులు మాయం, పదేళ్లలో ఎవరూ చెయ్యని పని ఈ డాక్టరు చేశాడని ఊరంతా పేరు. మాత్రలు అయిపోయాక మచ్చలు మళ్లీ వస్తాయి, ఈసారి కాస్త ఎక్కువగా. మళ్లీ ఇంజెక్షన్. ఇలా మూడు నాలుగు చుట్లు తిరిగాక ఏ పెళ్లి హడావిడిలోనో, డబ్బుల్లేకో మందు ఒక్కసారిగా ఆగుతుంది. అప్పుడొచ్చేది పొలుసులు కాదు, చీముపొక్కులు. బ్రిటన్‌లో బేకర్, ర్యాన్ అనే వైద్యులు 104 మంది రోగులను పరిశీలించి 1968లోనే స్టిరాయిడ్లకూ ఈ జబ్బుకూ ఉన్న ముడిని రాశారు. అంటే ఇది కొత్త సంగతేమీ కాదు. సోరియాసిస్‌కు స్టిరాయిడ్ మాత్రలు వద్దన్నది చర్మవైద్యంలో తొలి పాఠాల్లో ఒకటి. ఆ పాఠం ఊళ్లోకి మాత్రం చేరలేదు. పేరులేని పొడుల్లో, నాటుమందు పేరుతో అమ్మే మాత్రల్లో స్టిరాయిడ్ కలిపి ఇచ్చేవాళ్ల దగ్గర రోగికి తానేం మింగుతున్నాడో కూడా తెలియదు.

అలాగని అడ్మిట్ అయిన రోజే స్టిరాయిడ్‌ను టక్కున ఆపడమూ ప్రమాదమే. నెలల తరబడి వాడినవాళ్ల ఒంట్లో సొంత స్టిరాయిడ్ తయారీ పడుకుని ఉంటుంది. ఉన్నట్టుండి ఆపితే బీపీ పడిపోవచ్చు. జబ్బును పట్టుకునే వేరే మందు మొదలుపెట్టి, దాని చాటున స్టిరాయిడ్‌ను మెట్లు మెట్లుగా దించాలి. కాబట్టి ఇంట్లో వేసుకున్న ప్రతి పొట్లం సంగతీ డాక్టరుకు చెప్పాలి. తిడతారని దాస్తే లెక్క తప్పుతుంది.

మందుల గడియారం

జ్వరం లేదు, ఆల్బుమిన్ బాగుంది, పొక్కులు అక్కడక్కడే ఉన్నాయి అనుకుంటే వ్యవధి ఉంది. అక్కడ అసిట్రెటిన్, మెథోట్రెక్సేట్ పనికొస్తాయి.

అసిట్రెటిన్ విటమిన్ ఏ కుటుంబం మందు. చీముపొక్కుల మీద దీనికి మంచి పేరుంది, వారం పది రోజుల్లో కొత్త పొక్కులు తగ్గుముఖం పడతాయి. పెదాలు పగులుతాయి, రక్తంలో కొవ్వులు పెరుగుతాయి, అవి చూసుకోవచ్చు. చూసుకోలేనిది ఒకటుంది: గర్భంలోని బిడ్డకు తీవ్రమైన అవకరాలు. మందు ఆపిన మూడేళ్ల దాకా గర్భం రాకూడదు. ఆ మూడేళ్లూ రక్తదానం కూడా చేయకూడదు. పాతికేళ్ల అమ్మాయికి ఈ మాత్ర రాసే ముందు ఆ మూడేళ్ల మాట ఆమెతో విడిగా, ఇంటి పెద్దలు పక్కన లేకుండా మాట్లాడాల్సిన విషయం. చాలామంది వైద్యులు అసలు ఆ వయసు ఆడవాళ్లకు దీని జోలికే పోరు.

మెథోట్రెక్సేట్‌తో మనకు చుట్టరికం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపించిన పరిశోధన నుంచే ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులు వచ్చాయి. ఆయన 1948లో కన్నుమూశారు. ఆ మందుల్లో ఒకటైన అమినోప్టెరిన్ కీళ్లవాతం రోగికి ఇస్తే సోరియాసిస్ కూడా తగ్గిందని 1951లో వెల్లడైంది. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. చవక, అన్నిచోట్లా దొరుకుతుంది, కానీ నిదానం. వారాలు పడుతుంది. పైగా కిడ్నీల ద్వారా బయటికి పోయే మందు కాబట్టి, ఒంట్లో నీరు తగ్గి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగిన రోగిలో అదే విషమవుతుంది. అంటే జబ్బు ఎంత ముదిరితే ఈ మందు అంత పనికిరాకుండా పోతుంది. ఇంకో ప్రమాదం, ఇది వారానికి ఒక్కరోజు వేసుకునే మందు. రోజూ వేసుకునే మాత్రల మధ్య దీన్నీ కలిపేసుకుంటే నోరు పూసి, రక్తకణాలు పడిపోయి ప్రాణం పోయిన ఘటనలు ఉన్నాయి. చీటీ మీద 'వారానికి ఒకసారి' అని రాస్తే చాలదు, 'ఆదివారం మాత్రమే' అని వారం పేరు తెలుగులో రాయాలి.

జ్వరం మొదలై, పొక్కులు రోజుకో చోట లేస్తుంటే అంత నిదానం పనికిరాదు. సైక్లోస్పోరిన్ ఒకటి రెండు వారాల్లో పట్టు బిగిస్తుంది. రోజుకు బరువులో కిలోకు మూడు నుంచి అయిదు మిల్లీగ్రాముల మోతాదులో ఇస్తారు. బీపీ, క్రియాటినిన్ కనిపెట్టుకుని ఉండాలి. దీన్ని కూడా ఒక్కసారిగా ఆపితే జబ్బు ఎగదన్నుతుంది.

ఇక 13 మార్కుల మనిషి. ఆయనకు రోజుల లెక్క. టీఎన్‌ఎఫ్ అనే రసాయనాన్ని కట్టేసే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను సెలైన్‌లో ఎక్కిస్తే ఒకటి నుంచి మూడు రోజుల్లో పొక్కులు ఎండిపోయిన అనుభవాలు చాలా ఉన్నాయి. జపాన్‌లో ఐఎల్-17, ఐఎల్-23 దారులను అడ్డుకునే ఇంజెక్షన్లకూ ఈ జబ్బులో అనుమతి ఉంది. అయితే ఇవన్నీ పొలుసుల సోరియాసిస్ కోసమో, కీళ్ల కోసమో, పేగు జబ్బు కోసమో తయారై ఇటు వచ్చినవే. అరుదైన జబ్బు కావడంతో వీటికి సాక్ష్యం కొద్దిమంది రోగుల మీదే ఉంది, అదీ చాలావరకు పోల్చి చూసే గుంపు లేకుండా.

స్పెసోలిమాబ్ అచ్చంగా ఈ జబ్బు కోసం పరీక్షించి తెచ్చిన మందు. పైన చెప్పిన గడియ పడని తలుపునే ఇది మూసేస్తుంది. 53 మంది మీద జరిగిన పరీక్షలో 900 మిల్లీగ్రాములు ఒక్కసారి ఎక్కించిన 35 మందిలో 19 మందికి వారం తిరిగేసరికి కంటికి కనిపించే పొక్కు లేదు. ఉత్తుత్తి మందు తీసుకున్న 18 మందిలో అలా జరిగింది ఒక్కరికే. 2022 సెప్టెంబరులో అమెరికా అనుమతిచ్చింది. 2024 మార్చిలో 12 ఏళ్లు దాటి, కనీసం 40 కిలోలున్న పిల్లలకూ విస్తరించింది. అయితే ప్రాణాపాయంలో ఉన్నవాళ్లను, ఐసీయూ అవసరమైనవాళ్లను ఆ పరీక్షలో చేర్చుకోలేదు. ఈ మందు ఎవరికి అత్యవసరమో వాళ్ల మీదే దీన్ని సరిగా తూచలేదన్నమాట. వైద్యుడు ఆ లెక్కను అందాజుగానే వేసుకోవాలి.

ఇలా ఒంట్లోని సంకేతాలను కట్టేసే బయలాజికల్ ఇంజెక్షన్ల ముందు క్షయ పరీక్ష తప్పదు. ఛాతీ ఎక్స్‌రే, చర్మంలో వేసే మాంటూ సూది లేదా ఐజీఆర్ఏ అనే రక్త పరీక్ష, దాంతోపాటు హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ. నిద్రాణ క్షయ ఇంతమందిలో ఉన్న దేశంలో ఇది లాంఛనం కాదు. మాంటూ సూది చదవడానికి రెండు మూడు రోజులు ఆగాలి, రోగి ఆగే స్థితిలో లేడు. ఎక్స్‌రే, రక్త పరీక్ష ఆ పూటే చేయించి, అవసరమైతే క్షయ నివారణ మాత్రలు మొదలుపెట్టి, మధ్యలో సైక్లోస్పోరిన్‌తో నెట్టుకురావడం చాలా వార్డుల్లో జరిగే సర్దుబాటు.

ఈ మందులేవీ అందుబాటులో లేని రాత్రి కూడా చేయగలిగింది చాలా ఉంది. చర్మం ఊడిన మనిషి ఒంట్లో వేడి నిలవదు. బయట మే నెల ఎండ కాస్తున్నా ఆయన దుప్పటి అడుగుతాడు, కాబట్టి ఏసీ, ఫ్యాన్ కట్టేయాలి. తాగింది ఎంత, మూత్రం ఎంత అన్నది రాసిపెట్టాలి. ఒంటికి వాసెలిన్, లిక్విడ్ పారఫిన్ దట్టంగా పట్టించాలి. గుడ్లు, పప్పు పెట్టాలి. 'చీము పడుతుంది' అంటూ పత్యం పేరుతో గుడ్డూ పప్పూ మాన్పించే చుట్టాలను సౌమ్యంగా ఒప్పించాలి. దుప్పటి ఒంటికి అంటుకుని, తీసేటప్పుడు తోలు లేస్తుంది. అందుకే చర్మం ఊడే జబ్బులకు కొన్ని ఆసుపత్రుల చర్మవ్యాధుల (డీవీఎల్) వార్డుల్లో అరటాకులు పరుస్తారు. నునుపు, చల్లదనం, అంటుకోదు, రోజూ మార్చేయొచ్చు. శుభ్రంగా కడిగి పరిచిన అరటాకు ముందు చాలా ఖరీదైన షీట్లు కూడా తేలిపోతాయి.

గర్భిణులకు ఈ వరస మొత్తం తిరగబడుతుంది. ఎక్కువగా ఏడో నెల తర్వాత వస్తుంది. మాయ సరిగా పనిచేయక బిడ్డ కడుపులోనే పోయే ముప్పు ఉంటుంది. అసిట్రెటిన్, మెథోట్రెక్సేట్ రెండూ నిషిద్ధం. అందరికీ వద్దని చెప్పే స్టిరాయిడ్ మాత్రలే ఇక్కడ ముందుకొస్తాయి. వాటితో ఆగకపోతే సైక్లోస్పోరిన్, ఆ తర్వాత కొన్ని బయలాజికల్స్. కాన్పు తర్వాత మెల్లగా తగ్గుతుంది, అయినా స్టిరాయిడ్ దించడం మాత్రం అదే జాగ్రత్తతో. తర్వాతి గర్భంలో మళ్లీ రావచ్చు, ఇంకా ముందు నెలల్లోనే రావచ్చు. హెబ్రా చూసిన అయిదుగురికి ఇవేవీ లేవు.

పొక్కులు ఎండి ఇంటికి పంపినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదు. తిరగబెట్టడం దీని స్వభావంలోనే ఉంది. 123 మందిని 48 వారాలు గమనించిన మరో పరీక్షలో, నాలుగు వారాలకోసారి స్పెసోలిమాబ్ ఎక్కువ మోతాదు తీసుకున్న 30 మందిలో ముగ్గురికే మళ్లీ వచ్చింది. ఉత్తుత్తి మందు గుంపులో 31 మందిలో 16 మందికి వచ్చింది. అంత ఖర్చు భరించలేని చోట తక్కువ మోతాదులో అసిట్రెటిన్‌నో, మెథోట్రెక్సేట్‌నో కొనసాగించడమే ఇప్పటికీ వాడుక.

డిశ్చార్జి కాగితంలో జబ్బు పూర్తి పేరు, ఏ మందుకు ఎన్ని రోజుల్లో తగ్గింది, స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వొద్దన్న మాట, మూడూ పెద్ద అక్షరాల్లో ఉండాలి. మళ్లీ వస్తే ఆసుపత్రికి బయల్దేరే ముందు ఫోన్‌లో రెండు ఫొటోలు తీసుకోవాలి, ఒకటి దగ్గర నుంచి, ఒకటి దూరం నుంచి. జిల్లా కేంద్రం నుంచి హైదరాబాద్‌కో విశాఖకో చేరేసరికి పొక్కులు ఎండి పొలుసులే మిగులుతాయి. ఫొటోలు లేకపోతే ఓపీలో కూర్చున్న డాక్టరు మామూలు సోరియాసిస్ అనుకుని పూత మందు రాసి పంపేస్తారు.